దూడ చన్ను పట్టడం లేదా? ముందు నోట్లో వేలు పెట్టి చూడండి

ఆరోగ్యంగా పుట్టిన దూడ అరగంటలోపే లేవడానికి తంటాలు పడుతుంది, గంట తిరిగేసరికి నిలబడుతుంది, రెండు గంటల్లోపు ఎలాగోలా చన్ను పట్టేస్తుంది. ఈ లెక్క దాటిపోతుంటే "అదే నేర్చుకుంటుందిలే" అని వదిలేయకండి. తల్లి కడుపులో ఉన్నప్పుడు మాయ గుండా దూడకు యాంటీబాడీలు అందవు, రోగాల్ని తట్టుకునే శక్తి మొత్తం ముర్రుపాల నుంచే రావాలి. ఆ యాంటీబాడీలను పేగు నేరుగా రక్తంలోకి పీల్చుకునేది మొదటి కొన్ని గంటలే. ఆరు గంటలు దాటితే ఆ శక్తి బాగా తగ్గిపోతుంది, ఒక రోజు గడిచేసరికి దాదాపు మూసుకుపోతుంది. దూడ బరువులో పదో వంతు ముర్రుపాలు, అంటే 30 కిలోల దూడకు 3 లీటర్లు, ఆ ఆరు గంటల్లోపు లోపలికి వెళ్లాలి. ఒక్కసారే కానక్కర్లేదు, రెండు విడతలుగా పట్టినా సరే.

చాలామంది దూడ తల పట్టుకుని పొదుగు కిందకి నెట్టడంతో మొదలుపెడతారు. దానికంటే ముందు రెండు పరీక్షలు చేయండి, రెండు నిమిషాలు కూడా పట్టదు. చేయి శుభ్రంగా కడుక్కుని వేలు నాలుక మీద పెట్టండి: నోరు వెచ్చగా ఉందా, వేలిని గట్టిగా చప్పరిస్తోందా? తర్వాత మలద్వారంలో థర్మామీటర్ పెట్టి చూడండి. 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ ఉంటే మామూలే. తేడా తల్లి దగ్గర ఉందా, దూడలో ఉందా అనేది ఇక్కడే తేలిపోతుంది.

వేలు బాగా చప్పరిస్తోంది, చన్ను మాత్రం పట్టడం లేదు

దూడ బాగానే ఉంది, పొదుగు వైపు చూడండి. ఈనిన కొత్తలో చన్ను రంధ్రానికి మైనం లాంటి బిరడా అడ్డుపడి ఉంటుంది, దూడ ఎంత లాగినా పాలు రాకపోతే విసిగి వదిలేస్తుంది. నాలుగు చన్నుల్నీ రెండు మూడు ధారలు పిండి, పాలు వస్తున్నాయని చూసుకోండి. ఈతలు ఎక్కువైన ఆవుల్లో పొదుగు బాగా కిందకి జారి, చన్నులు లావై, దూడ నోటికి పట్టవు. దూడ స్వభావంగా పైకే వెతుకుతుంది, అందుకే ముందు కాళ్ల సందులో, డొక్కలో మూతి పెట్టి తిరుగుతూ ఉంటుంది. అలాంటప్పుడు కొంచెం పాలు పిండేసి చన్ను సన్నబడ్డాక నోటికి అందించండి.

తొలిచూలు ఆవైతే పొదుగు నీరు పట్టి ఉబ్బి, ముట్టుకుంటేనే నొప్పి పుట్టి తన్నుతుంది. దాన్ని కొట్టకండి, నొప్పికి భయం తోడైతే అసలే చేపదు, అంటే పాలు కిందకి వదలదు. గోరువెచ్చని నీళ్లలో ముంచిన గుడ్డతో కాపడం పెట్టి, దూడను ముందు నిలబెట్టి నాకనివ్వండి, కొంచెం పాలు పిండి బరువు తగ్గించండి. అప్పటికీ చేపకపోతే డాక్టర్‌ని పిలవండి, ఇంజెక్షన్ సంగతి ఆయనే చూసుకుంటారు. ఒక చన్ను వేడిగా, గట్టిగా ఉండి పాలల్లో ముక్కలు వస్తుంటే అది పొదుగువాపు, ఆ పాలు దూడకు వద్దు.

ఇక పట్టించే పద్ధతి. దూడ తలను కిందకి నొక్కితే అది వెనక్కే లాగుతుంది. దూడ పిరుదుల్ని మీ మోకాళ్లకు ఆనించి నిలబెట్టి, ముందు వేలు చప్పరించనిచ్చి, అది ఊపులో ఉండగా వేలు తీసి చన్ను పెట్టండి. నాలుగైదు గుటకలు పడ్డాక ఇక అదే లాక్కుంటుంది.

నోరు చల్లగా ఉంది, చప్పరించడం లేదు

ఒంట్లో వేడి పడిపోయింది. 100 కిందకి దిగితే దూడ నీరసిస్తుంది, 94 కంటే తక్కువైతే ప్రాణం మీదకి వచ్చినట్టే. ఒళ్లంతా గట్టిగా తుడిచి ఆరబెట్టండి. బాగా చల్లబడి ఉంటే 100 నుంచి 104 డిగ్రీల ఫారన్‌హీట్ గోరువెచ్చని నీళ్ల తొట్టిలో తల పైకి పట్టుకుని ఉంచి, వేడెక్కాక పూర్తిగా ఆరబెట్టండి, తడిగా వదిలేస్తే మళ్లీ మొదటికొస్తుంది. చప్పరించడం మొదలుపెట్టాక ముర్రుపాలు 102 డిగ్రీల దగ్గర గోరువెచ్చగా పట్టండి. మరిగించొద్దు, మరిగితే యాంటీబాడీలు పాడైపోతాయి.

కష్టమైన ఈత తర్వాత నాలుక ఉబ్బి, తల ఎత్తలేకపోతోంది

పుట్టేటప్పుడు ఎక్కువసేపు దారిలో ఇరుక్కుని, ఆక్సిజన్ అందక రక్తం ఆమ్లంగా మారి ఉంటుంది. వెంటనే రొమ్ము మీద కూర్చున్నట్టు నిటారుగా పడుకోబెట్టండి, అప్పుడే రెండు ఊపిరితిత్తులూ బాగా విచ్చుకుంటాయి. ముక్కులో గడ్డిపరకతో గిలిపెట్టండి, ఒళ్లు రుద్దండి. తలకిందులుగా వేలాడదీయడం మానుకోండి. అప్పుడు కారేది ఎక్కువగా కడుపులోని నీరే, పైగా పేగుల బరువు ఊపిరితిత్తుల మీద పడుతుంది. నాలుక వాపు సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది గానీ ముర్రుపాలు అంతవరకు ఆగలేవు.

ఇక్కడే అసలు ప్రమాదం. చప్పరించలేని దూడ నోరు తెరిచి పాలు పోస్తే అవి ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి, మంచి చేద్దామని చేసిన పని న్యుమోనియాతో ముగుస్తుంది. దయచేసి పోయకండి. కడుపులోకి ట్యూబ్ వేయడమే దారి, అదీ డాక్టర్ చేతనో, చేయడం నేర్చుకున్నవాళ్ల చేతనో. ట్యూబ్ సరిగ్గా దిగితే మెడ మీద తడిమినప్పుడు గాలిగొట్టంతో పాటు రెండో గొట్టం విడిగా చేతికి తగులుతుంది. అది తగలకుండా ఒక్క చుక్క కూడా వదలకూడదు. తీసేటప్పుడు గొట్టాన్ని మడిచి పట్టుకుని లాగాలి.

నిలబడుతోంది, కానీ తల్లిని గుర్తుపట్టడం లేదు, గోడలు నాకుతోంది

పుట్టుకలో ఆక్సిజన్ తగ్గినా ఇలా మొద్దుగా ఉండొచ్చు. ముర్రుపాలు బాటిల్‌తోనో ట్యూబ్‌తోనో అందిస్తూ ఉంటే కొన్ని ఒకటి రెండు రోజుల్లో తేరుకుంటాయి. గుర్రప్పిల్లల కోసం వచ్చిన మాడిగన్ పద్ధతిలో, ఛాతీ చుట్టూ తాడు చుట్టి 20 నిమిషాలు ఒత్తిడి పెట్టడాన్ని దూడలకీ వాడుతున్నారు. పక్కటెముకలు విరిగి ఉంటే అది ప్రమాదం, కాబట్టి డాక్టర్ చూశాకే.

కాళ్లు ముడుచుకుపోయి నిలబడలేకపోతే పొదుగు దగ్గర మీరు ఎత్తి పట్టుకోండి, తేలికపాటివి రోజుల్లో సాగుతాయి, గట్టిగా ఉంటే కట్టు వేయించాలి.

తాగగానే ముక్కులోంచి పాలు వస్తున్నాయా? అంగిలి చీలి ఉందేమో నోట్లో చూడండి, పట్టడం ఆపేసి డాక్టర్‌కి చూపించండి. మొదటి రోజు బాగా తాగి తర్వాత మానేస్తే బొడ్డు ఉబ్బిందా, విరేచనాలా, జ్వరం 103.5 దాటిందా చూడండి. పొట్ట ఉబ్బుతూ పేడ అసలు పడకపోతే తోక ఎత్తి చూడండి, కొన్ని దూడలు మలద్వారం లేకుండా పుడతాయి. దానికి ఆపరేషనే మార్గం, ఆలస్యం చేయకూడదు.

బాటిల్ పట్టాల్సి వస్తే దూడను నిలబెట్టి, దాని తల తల్లి దగ్గర తాగేటప్పుడు ఉండే ఎత్తులోనే ఉంచండి. నిపుల్ రంధ్రం పెద్దది చేయొద్దు, ధారగా పడితే పొరబోతుంది. ప్రతిసారీ ముందు తల్లి దగ్గర పెట్టి, తాగకపోతేనే బాటిల్ ఇవ్వండి. తనంతట తాను తాగుతోందని తెలియాలంటే చన్నుల్ని చూడండి: తడిగా శుభ్రంగా ఉంటాయి, ఆ భాగం పొదుగు మెత్తబడుతుంది. ఒక పూటంతా అలా కనిపిస్తే బాటిల్ ఆపేయొచ్చు. పొడిగా, పాలు బిగిసి ఉంటే మాత్రం, దూడ ఎంతసేపు పొదుగు కింద నిలబడినా, అది తాగలేదనే లెక్క.