కుర్సురాని చూస్తూ సబ్‌మెరైన్ కిట్ కట్టడం ఎలా

విశాఖలో ఉంటూ మొదటిసారి సబ్‌మెరైన్ కిట్ (ముక్కలు అతికించి కట్టుకునే ప్లాస్టిక్ మోడల్) కొంటున్నారా? అయితే ఫాక్స్‌ట్రాట్ రకమే కొనండి. ఆర్.కె. బీచ్‌లో ఉన్న ఐఎన్ఎస్ కుర్సురా ఆ రకానిదే. సోవియట్ యూనియన్‌లో కట్టారు, 1969 డిసెంబరులో మన నేవీలో చేరింది. 2001లో రిటైరైంది, 2002 నుంచి మ్యూజియంగా ఉంది. నీళ్ళలో తేలే సబ్‌మెరైన్‌లో పైభాగం కొద్దిగానే కనిపిస్తుంది. కుర్సురా మాత్రం అడుగు నుంచి పెరిస్కోపు దాకా మొత్తం ఒడ్డునే ఉంది. వేరే ఊళ్ళవాళ్ళు ఫోటోలు చూసి కట్టుకోవాలి. మనకి అసలుదే ఎదురుగా ఉంది. డబ్బా తెరవకముందే ఒకసారి వెళ్ళి ముక్కు, తోక, టవర్, పక్కల వరసగా ఉన్న కన్నాలు దగ్గరగా ఫోటోలు తీసుకోండి.

నేను గాజువాక ఆటోనగర్‌లో కార్లకి రంగులేస్తాను. అందుకే నా దృష్టంతా ఒంటి నునుపు మీదే ఉంటుంది. యుద్ధనౌక మోడల్ అయితే చిన్న తప్పులు తుపాకుల వెనకా రెయిలింగుల వెనకా దాక్కుంటాయి. సబ్‌మెరైన్‌కి దాచడానికి ఏమీ లేదు. అతుకు కనిపిస్తే ముందు కన్ను దాని మీదే పడుతుంది.

లెక్క చూడండి. కుర్సురా పొడవు 91.3 మీటర్లు. 1/350 స్కేల్లో, అంటే అసలుదానిలో 350వ వంతు సైజులో, అది 26 సెంటీమీటర్లు. మోడల్ మీద అర మిల్లీమీటరు సందు వదిలేస్తే, అసలు సబ్‌మెరైన్ మీద 17.5 సెంటీమీటర్ల పగులు వదిలినట్టే!

ముందు, అతుక్కుని వచ్చిన ఫ్రేములతో సహా ముక్కలన్నీ గిన్నెల సబ్బు కలిపిన గోరువెచ్చని నీళ్ళలో కడిగి ఆరబెట్టండి. అచ్చు నుంచి ఊడదీయడానికి ఫ్యాక్టరీలో పూసిన జిడ్డు ఉంటే రంగు పట్టదు. ముక్కని ఫ్రేము నుంచి చేత్తో విరవొద్దు. కట్టర్‌తో కాస్త దూరంగా ఒకసారి, మళ్ళీ దగ్గరగా ఒకసారి కత్తిరించి, మిగిలిన మొటిమని 400 నంబరు వాటర్ పేపర్‌తో (తడిపి రుద్దే గరుకు కాగితం) రుద్దండి.

ఒంటి రెండు సగాలనీ జిగురు లేకుండా కలిపి చూడండి. ఎక్కడ ఎత్తుగా ఉందో వెలుతురుకి పట్టి చూస్తే తెలుస్తుంది. ఆ తర్వాతే ప్లాస్టిక్ కిట్ల కోసం దొరికే పల్చటి జిగురు బ్రష్‌తో సందు వెంట తాకించండి. అది దానంతటదే లోపలికి పాకి ప్లాస్టిక్‌ని కరిగిస్తుంది. గట్టిగా నొక్కితే కరిగిన ప్లాస్టిక్ సన్నటి గీతలా పైకి ఉబుకుతుంది. అది రావాలి, తుడవకండి. మాస్కింగ్ టేపుతో బిగించి రాత్రంతా వదిలేయండి. గట్టిపడ్డాక గీకేస్తే అక్కడ అతుకు ఉండదు. ఇక్కడ ఫెవిక్విక్ వాడొద్దు. ఆరేటప్పుడు చుట్టూ తెల్లటి పొగ పడుతుంది, పైగా ప్లాస్టిక్ కన్నా గట్టిపడి రుద్దుడుకి లొంగదు.

ఇంకా సందు మిగిలితే లప్పం పెట్టాలి. కార్లకి వాడే పుట్టీ పనికొస్తుంది గానీ, అందులో థిన్నర్ ఘాటు ఎక్కువ. మందంగా పెడితే ప్లాస్టిక్ మెత్తబడుతుంది, ఆరాక గుంట పడుతుంది. పల్చగా పెట్టి, ఆరనిచ్చి, మళ్ళీ పెట్టండి. 600, తర్వాత 800 పేపర్‌ని నీళ్ళలో తడిపి రుద్దండి. కార్ల థిన్నర్‌తో మాత్రం మోడల్‌ని తుడవకండి, కరిగిపోతుంది.

ప్రైమర్ (రంగుకి ముందు వేసే కోటు) కొట్టాక కళ్ళు మూసుకుని బొటనవేలు అతుకు మీద నడపండి. కంటికి తెలియని గీత వేలికి తెలుస్తుంది. తెలిస్తే మళ్ళీ లప్పం, మళ్ళీ పేపర్, మళ్ళీ ప్రైమర్. ఇక్కడ ఓపిక పట్టినవాళ్ళదే మంచి మోడల్.

మన ఊళ్ళో స్ప్రేకి వాతావరణం చూసుకోవాలి. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే రంగు మీద తెల్లటి మసక పడుతుంది. థిన్నర్ ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, ఆ చల్లదనానికి తేమ వచ్చి అంటుకుంటుంది. దీన్నే మేం బ్లష్ అంటాం. వాన రోజుల్లో, సముద్రపు గాలి జిడ్డుగా వీచే సాయంత్రాల్లో స్ప్రే డబ్బా ముట్టుకోకండి. డిసెంబరు, జనవరిలో ఎండెక్కాక కొడితే టెన్షన్ ఉండదు.

ఇక రంగు. పైభాగానికి అచ్చమైన నలుపు వెయ్యకండి. అంత చిన్న వస్తువు మీద నలుపు చచ్చినట్టు కనిపిస్తుంది, వంపులేవీ తెలియవు. కాస్త బూడిద రంగు కలపండి. దీనికి ఇంకో కారణం ఆ పక్క కన్నాలు. మా బావగారు సబ్‌మెరైన్లలో పనిచేసి రిటైరయ్యారు. మోడల్ చేతిలోకి తీసుకుని ఆయన ముందు చూసింది వాటినే. "ఇవి అందానికి పెట్టినవి కావురా. బయట తొడుగుకీ లోపలి గట్టి గొట్టానికీ మధ్య నీళ్ళు నిండాలి, పైకి తేలినప్పుడు కారిపోవాలి. ఇవి తెలియకపోతే ఇది ఉత్త ఇనప గొట్టమే" అన్నారు. కాబట్టి కన్నాలు ఒంటి కన్నా నల్లగా ఉండాలి. రంగు బాగా ఆరాక యాక్రిలిక్ గ్లాసీ (మెరిసే) వార్నిష్ ఒక కోటు వేసి, నల్ల ఆయిల్ పెయింట్‌ని టర్పెంటైన్‌లో పల్చగా కలిపి సన్న బ్రష్‌తో ఒక్కో కన్నానికీ తాకించండి. పొంగినదాన్ని ఇయర్‌బడ్‌తో తుడిచేయండి. నంబర్ల స్టికర్లు కూడా ఆ మెరుపు కోటు మీదే అంటించాలి, అప్పుడు చుట్టూ వెండి మెరుపు రాదు. ఆఖర్న మ్యాట్ (మెరుపు లేని) వార్నిష్ కోటు.

ఫాక్స్‌ట్రాట్‌కి ప్రొపెల్లర్లు మూడు. ఇత్తడి రంగులో చుక్క గోధుమరంగు కలిపి, విడిగా రంగేసి, అంతా అయ్యాక బిగించండి. పెరిస్కోపులు అన్నిటికన్నా చివర. కిట్‌లో వచ్చేవి లావుగా ఉంటాయి, వాటి బదులు సన్న స్టీలు తీగ కోసి పెట్టుకోండి. అన్నీ ఒకేసారి పైకి లేపకుండా ఒకటో రెండో లేపి, మిగిలినవి టవర్ అంచుకి సమంగా కత్తిరించండి. తీగ అతికించడానికి మాత్రం ఫెవిక్విక్కే వాడాలి, సూది మొన మీద పట్టినంత చాలు.