బెంగళూరులో ఓటు వేయాలంటే ముందు లిస్టులో పేరు చూసుకోండి

2018 మే 12, శనివారం, కర్ణాటక అసెంబ్లీ ఎన్నికలు. పొద్దున్నే తలస్నానం చేసి, ఓటరు కార్డు పర్సులో పెట్టుకుని రామమూర్తి నగర్‌లో మా బూత్‌కి వెళ్ళాను. నలభై నిమిషాలు క్యూలో నిలబడ్డాక, లోపల కూర్చున్నాయన లిస్టు రెండుసార్లు తిరగేసి "నిమ్మ హెసరు ఇల్లమ్మా" అన్నారు. మీ పేరు లేదమ్మా అని. కార్డు చూపించాను. 2015 కార్పొరేషన్ ఎన్నికల్లో ఇదే కార్డుతో ఓటు వేశానని చెప్పాను. కార్డు ఉన్నా లిస్టులో పేరు లేకపోతే ఓటు ఇవ్వలేమని ఆయన మర్యాదగానే చెప్పారు. ఇంటికి తిరిగొచ్చాక ఆ రోజంతా నాకు అన్నం సయించలేదు.

తర్వాత కూర్చుని ఆలోచిస్తే అర్థమైంది. 2016లో మేం రెండు వీధుల అవతలికి అద్దె ఇల్లు మారాం. గ్యాస్‌కి, బ్యాంకుకి, పిల్లవాడి స్కూలుకి అడ్రసు మార్పించాను. ఓటుకి కూడా మార్పించాలన్న ఆలోచనే రాలేదు. పాత ఇంటికి ఎవరో వచ్చి అడిగి ఉంటారు, ఖాళీ చేసి వెళ్ళారని ఓనరు చెప్పి ఉంటారు.

మాది మదనపల్లె. ఇక్కడికి వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. ఒక హార్డ్‌వేర్ షాపులో లెక్కలు రాస్తాను. ఆ శనివారం తర్వాత, తెలిసినవాళ్ళు ఎవరు ఇల్లు మారినా నేను ముందు అడిగేది ఓటు గురించే. మా వీధిలో చాలామందికి ఫారాలు దగ్గరుండి నింపించాను. అలా తెలుసుకున్నవే ఇక్కడ రాస్తున్నాను.

ఓటు ఊళ్ళోనా, ఇక్కడా?

మనవాళ్ళ ఇళ్ళల్లో ముందు తేల్చుకోవాల్సింది ఇదే. మా తమ్ముడు మున్నేకొళాలలో పదేళ్ళుగా ఉంటున్నాడు, వాడి ఓటు మాత్రం మదనపల్లెలోనే ఉంది. 2024లో బెంగళూరులో పోలింగ్ ఏప్రిల్ 26న, ఆంధ్రాలో మే 13న జరిగింది. ఏప్రిల్‌లో ఇంట్లో కూర్చున్నాడు. మే నెలలో బస్సులో సీటు దొరక్క, హోసకోట, చింతామణి మీదుగా రెండు బస్సులు మారి వెళ్ళి ఓటేసి వచ్చాడు. "ఊళ్ళో మనకు ఇల్లుంది కదక్కా" అంటాడు.

ఇల్లు ఉన్నంత మాత్రాన ఓటు రాదు. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 20వ సెక్షన్‌లో ఈ మాట స్పష్టంగా ఉంది: ఒక చోట ఇల్లు ఉందన్న ఒక్క కారణంతో అక్కడ నివాసం ఉన్నట్టు కాదు. మామూలుగా మీరు ఎక్కడ కాపురం ఉంటే ఓటు అక్కడే. రెండు చోట్లా పేరు ఉంచుకోవడం అదే చట్టం ఒప్పుకోదు. రెండు పోలింగ్‌లకు మధ్య రెండు వారాలు ఉంది కదా, అక్కడా ఇక్కడా వేసేద్దాం అని సరదాగా అనేవాళ్ళు కనిపిస్తారు. అది నేరం. దయచేసి ఆ మాట పిల్లల ముందు కూడా అనకండి.

నా మటుకు నాకు సందేహం లేదు. 2024 వేసవిలో మా వీధిలో బోర్లు ఎండిపోయి ట్యాంకర్ కోసం ఫోన్లు చేసి చేసి అలసిపోయాం. ఆ నీళ్ళ సంగతి అడిగే హక్కు నాకు మదనపల్లె ఓటుతో రాదు.

ఫారం 8, ఫారం 6

ఊళ్ళో ఓటు ఉండి ఇక్కడికి మార్చుకునేవాళ్ళు నింపాల్సింది ఫారం 8. రాష్ట్రం మారినా అదే, వీధి మారినా అదే. పేరులో తప్పు దిద్దుకోవడానికి, పోయిన కార్డు మళ్ళీ తెచ్చుకోవడానికి కూడా అదే. ఫారం 6 మొదటిసారి ఓటు రాయించుకునేవాళ్ళది. మనవాళ్ళు చాలామంది ఇక్కడే పొరపడతారు. ఇక్కడ కొత్త కదా అని ఫారం 6 నింపేస్తారు. అందులో నా పేరు ఇంకెక్కడా లేదని మీరు సంతకం పెడతారు. ఊళ్ళో పేరు ఉండగా అలా పెడితే అది తప్పుడు డిక్లరేషన్. ఏడాది దాకా జైలు పడే అవకాశం ఉంది.

పిల్లలకైతే ఫారం 6. ఇదివరకు జనవరి 1 నాటికి పద్దెనిమిది నిండాలనేవారు. ఇప్పుడు ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1 కూడా లెక్కే. పదిహేడు దాటగానే ముందుగా అప్లై చేసి పెట్టొచ్చు. మా అబ్బాయికి అలాగే చేయించాను.

అడ్రసు ప్రూఫ్ దగ్గర అద్దె ఇళ్ళవాళ్ళకు చిక్కు వస్తుంది. మనం రాసుకునే పదకొండు నెలల అగ్రిమెంటు నోటరీ కాగితం, వాళ్ళ జాబితాలో ఉన్నది రిజిస్టరైన అద్దె ఒప్పందం. కరెంటు బిల్లు ఓనరు పేరు మీద ఉంటుంది. కాబట్టి ముందు ఆధార్‌లోనో బ్యాంకు పాస్‌బుక్‌లోనో ఇక్కడి అడ్రసు మార్పించుకుని, దాన్ని జత చేయండి. మేం ఉన్న ఒక ఇంటి ఓనరమ్మ, ఓటు ఇక్కడ రాయించుకుంటే రేపు ఇల్లు ఖాళీ చేయరేమో అని భయపడింది. ఓటు అడ్రసుతో ఇంటి మీద ఏ హక్కూ రాదని కాఫీ తాగుతూ నెమ్మదిగా చెబితే ఒప్పుకుంది. మీకూ ఆ పరిస్థితి వస్తే గొడవ పడకండి, విడమరచి చెప్పండి.

ఇంకొకటి, మన ఇంటిపేరు. మనకు ఇంటిపేరు ముందొస్తుంది, ఇక్కడివాళ్ళకు ఇనీషియల్ చివర ఉంటుంది. ఫారంలో ఒక గడిలో ఒకటి, ఇంకో గడిలో ఇంకొకటి వేసి, ఆ తర్వాత పేరుతో వెతికితే దొరకదు. పేరు లేదని కంగారు పడిపోతారు. ఎప్పుడు వెతికినా ఓటరు కార్డు మీది ఎపిక్ నంబరుతోనే వెతకండి. కన్నడంలో పేరు ఎలా పడిందో కూడా చూసుకోండి, సాఫ్ట్‌వేర్ ఒత్తులూ దీర్ఘాలూ మార్చేస్తుంది. కన్నడ లిపి మన లిపికి దగ్గరి చుట్టం, తలకట్టు తేడా పట్టుకుంటే రెండు మూడు రోజుల్లో చదవడం వచ్చేస్తుంది. మాటలతో మాత్రం జాగ్రత్త. బోర్డు మీద "మతదాన" అని ఉంటే అది మతం గురించి కాదు, కన్నడంలో మత అంటే ఓటు. "మతగట్టె" అంటే పోలింగ్ బూత్. "భాగ సంఖ్యె", "క్రమ సంఖ్యె" అని ఉన్న రెండు నంబర్లూ కాగితం మీద రాసుకోండి, బూత్ దగ్గర పని సగం తగ్గుతుంది.

ఇదంతా ఎన్నికల సంఘం పోర్టల్‌లోనే చేయొచ్చు. ఫోన్ అలవాటు లేకపోతే మీ ప్రాంతం బీఎల్‌ఓని, అంటే బూత్ ఓటర్ల లిస్టు చూసుకునే బూత్ లెవల్ ఆఫీసరును, కలవండి. మాకు అంగన్‌వాడీ టీచరే బీఎల్‌ఓ. ఆమె ఎవరో తెలియకపోతే 1950కి ఫోన్ చేసి అడగండి. నామినేషన్ల ఆఖరి రోజు దాటితే ఆ ఎన్నికలకు లిస్టులో ఏ మార్పూ చేయరు. అంతకుముందు అభ్యంతరాలకు వారం గడువు కూడా ఉంటుంది. నోటిఫికేషన్ వచ్చాక పరుగెత్తితే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. ఇల్లు మారిన వారంలోనే ఫారం 8 వేసేయండి.

ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటే

మా అత్తమ్మకు మోకాళ్ళ నొప్పులు. 2023 అసెంబ్లీ ఎన్నికలప్పుడు ఆమెకు 81. ఎనభై దాటినవాళ్ళు ఇంట్లోంచే ఓటు వేయొచ్చన్నారు. ఫారం 12డి అని ఒకటుంది, నోటిఫికేషన్ వచ్చిన అయిదు రోజుల్లోపు ఇచ్చేయాలి. ఇచ్చాం. ముందే కబురు చేసి, ఒక రోజు పొద్దున ఇద్దరు ఉద్యోగులు, వీడియో తీసే అబ్బాయి, ఒక పోలీసు వచ్చారు. మా భోజనాల బల్ల మీద అట్టముక్క అడ్డం పెట్టి ఆమెకు బ్యాలెట్ కాగితం, పెన్ను ఇచ్చారు. మమ్మల్నందరినీ దూరంగా నిలబెట్టారు. ఆమె గుర్తు పెట్టి, మడిచి, కవరులో పెట్టి, అంటించి ఇచ్చింది. వాళ్ళు వెళ్ళాక "ఎవరూ చూడలేదు కదమ్మా?" అని నన్ను రెండుసార్లు అడిగింది. ఎవరూ చూడలేదత్తమ్మా అన్నాను.

2024లో ఆ వయసును 85కి పెంచారు. అత్తమ్మకు 82. ఆమె చాలా బాధపడింది. నలభై శాతం, ఆపైన వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ ఉన్నవాళ్ళకు వయసుతో పని లేదు, ఆమెకు అది లేదు. బీఎల్‌ఓని అడిగితే వీల్‌చెయిర్ ఏర్పాటు ఉంటుందని చెప్పారు. దానికోసం సక్షమ్ అనే యాప్ కూడా ఉంది. పార్టీవాళ్ళు ఆటో పంపుతామన్నారు, వద్దన్నాం. ఓటర్లను ఉచితంగా బండ్లలో తీసుకెళ్ళడం చట్టం ప్రకారం తప్పు. మేమే ఆటో మాట్లాడుకుని ఏడింటికల్లా గేటు దగ్గర దిగాం. పెద్దవాళ్ళను క్యూలో నిలబెట్టరు, అడిగితే నేరుగా పంపిస్తారు. అడగడానికి మొహమాటపడకండి. ఇంటి ఓటుకు ఫారం ఇచ్చి అది మంజూరైతే మళ్ళీ బూత్‌లో వేయనివ్వరు, అది గుర్తుంచుకోండి.

ఆ రోజు

ఏడింటికే వెళ్ళండి. ఆ ఏప్రిల్ ఎండలో పదకొండింటికి వెళ్ళినవాళ్ళ అవస్థ చూశాను. సాయంత్రం ఆరింటికి ముగించినా, ఆ సమయానికి క్యూలో ఉన్నవాళ్ళందరికీ చీటీలు ఇచ్చి ఓటు వేయిస్తారు. కాబట్టి ఆలస్యమైందని వెనక్కి తిరిగి రాకండి. ఆ రోజు జీతంతో సెలవు ఇవ్వాలని చట్టంలో ఉంది. షాపుల్లో పనిచేసేవాళ్ళకూ, రోజుకూలీలకూ అది వర్తిస్తుంది.

ఓటరు స్లిప్పు ఒక్కటే తీసుకెళ్తే కుదరదు, 2019 నుంచి దాన్ని గుర్తింపుగా ఒప్పుకోవడం లేదు. ఓటరు కార్డు లేకపోతే ఆధార్, పాన్, లైసెన్స్, పాస్‌పోర్ట్, ఫోటో ఉన్న పాస్‌బుక్, వీటిలో ఒకటి ఒరిజినల్ తీసుకెళ్ళండి. ఫోన్లో ఫోటో ఉంది కదా అనుకోవద్దు, ఫోన్ లోపలికి తీసుకెళ్ళనివ్వరు.

లోపల మొదటి ఆయన పేరు గట్టిగా చదువుతారు, పార్టీల ఏజెంట్లు చూసుకుంటారు. రెండో చోట సంతకం, ఎడమ చూపుడు వేలికి సిరా, ఒక చీటీ. ఆ సిరా మన పక్కనే, మైసూరులో తయారవుతుంది. 1937లో నాల్వడి కృష్ణరాజ ఒడెయర్ పెట్టించిన రంగుల ఫ్యాక్టరీ, 1962 ఎన్నికల నుంచి దేశమంతటికీ అదే పంపుతోంది. ఓటింగ్ మిషన్లు ప్రభుత్వ కంపెనీలైన బెంగళూరు బీఈఎల్‌లోనూ, హైదరాబాద్ ఈసీఐఎల్‌లోనూ చేస్తారు. ఇది చెబితే మా అబ్బాయి మొహం వెలిగింది, అది వాడి మొదటి ఓటు.

మూడో చోట చీటీ తీసుకుని మీ కోసం మిషన్ తెరుస్తారు. అభ్యర్థి ఫోటో, గుర్తు చూసుకుని పక్కనున్న నీలం బటన్ గట్టిగా నొక్కండి. ఎర్ర లైటు వెలుగుతుంది. వెంటనే పక్క పెట్టె అద్దంలోకి చూడండి. మీరు ఓటేసిన అభ్యర్థి పేరు, గుర్తు ఉన్న చీటీ ఏడు సెకన్లు కనిపించి లోపల పడిపోతుంది. బీప్ వినిపించేదాకా కదలకండి. చీటీ రాకపోయినా, వేరే గుర్తు వచ్చినా అక్కడికక్కడే ప్రిసైడింగ్ ఆఫీసరుకు చెప్పండి, బయటికి వచ్చాక చేసేదేమీ ఉండదు. ఎవరికీ వేయాలనిపించకపోతే చివర నోటా ఉంది.

మీ పేరు మీద అప్పటికే ఎవరో వేసేశారని చెబితే ఏడుస్తూ వెనక్కి రాకండి. మీరే అసలు మనిషని గుర్తింపు చూపించి టెండర్డ్ ఓటు అడగండి. మిషన్ మీద వేయనివ్వరు గానీ కాగితం బ్యాలెట్ ఇచ్చి, దాన్ని వేరే కవరులో భద్రపరుస్తారు. అది మీ హక్కు.

2024లో బెంగళూరు నగరంలోని మూడు లోక్‌సభ స్థానాల్లోనూ పోలింగ్ సుమారు 53, 54 శాతమే. రాష్ట్రం మొత్తం మీద 70 దాటింది. శుక్రవారం సెలవు, మరో రెండు రోజులు కలిసొచ్చాయని మా పక్క అపార్ట్‌మెంటు నుంచి కార్లు ఊళ్ళకు వెళ్ళడం నేను చూశాను. మీరు టూర్ వేసుకోండి, కానీ ఓటు వేశాక మధ్యాహ్నం బయల్దేరండి.

కార్పొరేషన్ ఓటు సంగతి కాస్త వేరు. నేను 2015 ఆగస్టు 22న వేసిన తర్వాత, 2020లో ఆ కౌన్సిల్ గడువు ముగిసి, ఏళ్ళ తరబడి కార్పొరేటరే లేకుండా గడిపాం. 2025లో నగరాన్ని అయిదు కార్పొరేషన్లు చేశారు, వార్డుల హద్దులూ మారాయి. వార్డు ఎన్నికలు రాష్ట్ర ఎన్నికల సంఘం నడుపుతుంది. లోక్‌సభకు వేసిన బూతే దీనికీ ఉంటుందనుకోకుండా, వార్డు నంబరు, బూత్ కొత్తగా చూసుకుని కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించుకోండి. మా ఇంట్లో ఆ కాగితం అత్తమ్మ మందుల చీటీ పక్కనే ఉంటుంది.