తాలింపు పడకముందే కుక్క వాటా: ఎండాకాలంలో బొమ్మల్లో కూరే తిండికి జాగ్రత్తలు

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. మా కడపలో అయితే చలి పోయిన మర్నాడే ఎండ వచ్చి కూర్చుంటుంది. ఉగాది నాటికి పొద్దున 9 గంటలకే తారు రోడ్డు మీద అరచేయి వెనక వైపు ఆనించి 7 సెకన్లు ఉంచలేం. మనకే అలా ఉంటే కుక్క అరికాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు, అనంతపురం, కడప మూడూ 40 డిగ్రీలు దాటేవే. అందుకే వాకింగ్ పొద్దున 6 లోపు ఒకసారి, రాత్రి భోజనాలయ్యాక ఒకసారి. మధ్యలో పద్నాలుగు, పదిహేను గంటలు కుక్క ఇంట్లోనే. తోచక తలుపు గీకుతుంది, చెప్పులు కొరుకుతుంది.

అప్పుడు పనికొచ్చేవే ఈ రబ్బరు బొమ్మలు. లోపల బోలుగా ఉంటాయి, తిండి కూరి ఇస్తే కుక్క అరగంటో ముప్పావుగంటో నాక్కుంటూ పడుకుంటుంది. మా బుజ్జి 14 కిలోల ఊరకుక్క. రెండు ఎండాకాలాలుగా దానికి ఇలాగే ఇస్తున్నాం. అనుభవంలో తెలిసిందేమిటంటే బొమ్మతో వచ్చే చిక్కులు తక్కువ, మన వంటింటితో వచ్చేవే ఎక్కువ. సీమ వంటలో ఎర్రగడ్డ (ఉల్లిపాయ), తెల్లగడ్డ (వెల్లుల్లి), చింతపండు, ఉప్పు, కారం పడనిది ఏముంది? ఈ అయిదింట్లో ఏదీ కుక్కకు పనికిరాదు. కాబట్టి మా ఇంట్లో ఒకటే రూలు పెట్టుకున్నాం: తాలింపు పడకముందే, ఉప్పు వేయకముందే కుక్క వాటా పక్కకు తీసేయాలి. మిగిలిపోయిన కూర కడిగి పెడదాం అనుకోవడం వద్దు. కడిగితే కారం పోతుందేమో, ఎర్రగడ్డ రసం పోదు.

దీనికి మా జేజి ఒప్పుకోవడానికి ఒక ఏడాది పట్టింది. "రవ్వంత చారన్నం పెడితే ఏమైతాదిరా? మన ఇంట్లో కుక్కలన్నీ ఇదే తిని పెరగలేదా?" అనేది. పెరిగిన మాట నిజమే. కానీ వాటిలో ఏది ఎందుకు పోయిందో ఆ రోజుల్లో ఎవరు చూశారు?

చింతపండు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామందికి తెలియదు. ద్రాక్ష, కిస్‌మిస్ తింటే కొన్ని కుక్కలకు కిడ్నీలు పాడవుతాయని వైద్యులకు ఎప్పటినుంచో తెలుసు. ఎందుకో మాత్రం అంతుపట్టలేదు. దానికి కారణం టార్టారిక్ ఆమ్లం అయ్యుండొచ్చని 2021లో అమెరికా పశువైద్యులు కొందరు అంచనా వేశారు. చింతపండు పులుపు చాలావరకు ఆ ఆమ్లమే. అంటే చారు, పులిహోర, పులగూర, ఉగాది పచ్చడి ఇవన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. ఎంత తింటే ప్రమాదమో ఒక్కో కుక్కకు ఒక్కో రకం, ముందుగా చెప్పలేం. వాంతులు సాధారణంగా మొదటి రోజే కనబడతాయి, ఉచ్చ తగ్గిపోవడం రెండో రోజో మూడో రోజో. అప్పటికి ఆలస్యం అయిపోయి ఉంటుంది. పండగ రోజు ఇంటికొచ్చిన పిల్లలు ప్రేమగా ఒక చెంచా ఉగాది పచ్చడి నాకించకుండా ముందే చెప్పి ఉంచండి.

ఎర్రగడ్డ, తెల్లగడ్డ పచ్చివైనా ఉడికినవైనా పొడి చేసినవైనా కుక్క రక్తంలో ఎర్రకణాలను పగలగొడతాయి. శరీర బరువులో అర శాతం ఎర్రగడ్డ చాలు. మా బుజ్జికి అది 70 గ్రాములు, అంటే ఒక మామూలు సైజు గడ్డ. తెల్లగడ్డ ఇంకా ఘాటు, అంతకంటే తక్కువే చాలు. మన కారం దోశ మీద పూసే ఎర్రకారంలో ఈ రెండూ ఉంటాయి. హోటల్ నుంచి తెచ్చిన దోశ అంచులు తుంచి బొమ్మలో కూరేవాళ్లను చూశాను, అందుకే చెబుతున్నా. దీనిలో ఇంకో తిరకాసు ఉంది: తిన్న రోజు కుక్క బాగానే ఉంటుంది. మూడు, నాలుగు రోజుల తర్వాత చిగుళ్లు పాలిపోయి, ఉచ్చ ఎర్రగానో కాఫీ రంగులోనో వస్తుంది. అప్పుడు మనకు ఆ దోశ గుర్తు కూడా ఉండదు.

ఇక చెనక్కాయలు. బొమ్మలో కూరడానికి అందరూ మొదట కొనేది పీనట్ బటర్. డబ్బా మీద షుగర్‌ఫ్రీ అని ఉంటే వెనక్కి తిప్పి చదవండి. జైలిటాల్ అనో, ఐఎన్ఎస్ 967 అనో కనబడితే ఆ డబ్బా కుక్క ఉన్న ఇంటికి తేవద్దు. కిలో బరువుకు 0.1 గ్రాము చాలు, రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది. 14 కిలోల కుక్కకు ఒకటిన్నర గ్రాము కూడా అక్కర్లేదన్నమాట. అరగంటలోనే తూలడం, పడిపోవడం మొదలవ్వచ్చు. మోతాదు ఇంకా పెరిగితే కాలేయం దెబ్బతినొచ్చు. ఇంట్లో షుగర్ పేషెంట్లు ఉంటే వాళ్ల కోసం తెచ్చిన బిస్కెట్లు, చూయింగ్ గమ్, నోటి సువాసన బిళ్లలు కూడా ఇలాగే చూసుకోవాలి.

అనంతపురం పక్కనే ఉండి చెనక్కాయల వెన్న డబ్బాలో కొనడం నాకైతే నామోషీ. గింజలు వేయించి, పొట్టు తీసి, మిక్సీలో అయిదారు నిమిషాలు ఆపుతూ తిప్పితే వాటి నూనెలోనే వెన్న అయిపోతుంది. ఉప్పు వద్దు, బెల్లం వద్దు. కానీ గింజ ఎలాంటిదో చూడాలి. వానలు లేక పైరు బెట్టకు వచ్చినప్పుడు, కాయ సరిగా ఆరనప్పుడు గింజకు బూజు పడుతుంది. ఆ బూజు నుంచి అఫ్లటాక్సిన్ అనే విషం పుడుతుంది. కుక్క కాలేయం దానికి అసలు తట్టుకోలేదు. వేయిస్తే పోతుందిలే అనుకోవద్దు, పూర్తిగా పోదు. సంచిలో అడుగున మిగిలినవి, ముడుచుకున్నవి, రంగు మారినవి, చేదు తగిలినవి ఏరి పారేయండి. మనం తినడానికి వెనకాడే గింజలను కుక్కకు కదా అని పక్కన పెడతామే, ఆ అలవాటే అసలు ప్రమాదం.

మంచి గింజతో చేసినా మోతాదు మరవద్దు. చిరుతిండి మొత్తం రోజు తిండిలో పదో వంతు దాటకూడదంటారు. 14 కిలోల కుక్కకు రోజుకు సుమారు 750 కేలరీలు అనుకుంటే చిరుతిండికి 75 వస్తాయి. ఒక పెద్ద చెంచా చెనక్కాయ వెన్నలోనే 90 పైన ఉంటాయి! అందుకని దాన్ని లోపల నింపను, బొమ్మ మూతి లోపలి అంచుకు వేలితో పూస్తానంతే. నూనె ఎక్కువైతే క్లోమం వాచి కుక్క వాంతులతో ముడుచుకుపోతుంది.

మరి లోపల ఏం పెట్టాలి?

మా ఇంట్లో ఎక్కువగా నడిచేది రాగి అంబలి, గుమ్మడికాయ. మొదట్లో సంగటి ముద్దనే కూరేదాన్ని. చల్లారాక అది సిమెంటులా బిగిసిపోయి, బుజ్జి విసుగెత్తి రబ్బరునే కొరకడం మొదలుపెట్టింది. ఇప్పుడు ఉప్పు లేకుండా రాగి పిండిని పల్చగా కాచి, ఉడికించిన ఎర్ర గుమ్మడికాయ మెదిపి కలుపుతాను. గుమ్మడికాయ దొరకకపోతే గెనుసుగడ్డ. దానికి రెండు చెంచాల ఉడికిన కోడిమాంసం తురుము. రాగి కొత్తగా పెడుతుంటే మొదటి వారం కొంచెం కొంచెంగా పెట్టండి, లేకపోతే కడుపు ఉబ్బుతుంది.

పెరుగు పడే కుక్కలకు పెరుగు, ఉడికించిన క్యారెట్, బీన్స్ ముక్కలు. విరేచనం పల్చబడితే పెరుగు మానేయండి. పులివెందుల అరటిపండు సగం, గింజలు తీసిన బొప్పాయి, గింజలు తీసిన కర్బూజా ముక్కలు కూడా బాగుంటాయి. మామిడిపండు కండ రెండు ముక్కలు పెట్టొచ్చు, టెంక మాత్రం చేతికి అందేచోట పారేయకండి. టెంక, మొక్కజొన్న కండె రెండూ పేగులో ఇరుక్కుని ఆపరేషన్ దాకా తీసుకెళ్తాయి. చీనీ (బత్తాయి) తొక్కలు వద్దు. పులిసిన దోశ పిండి పచ్చిగా అస్సలు వద్దు, కడుపులో ఇంకా పొంగుతుంది. ఉడికించిన ఎముక విరిగి గుచ్చుకుంటుంది కాబట్టి కోడి ఉడికించాక మాంసం చేత్తో తడిమి చూసి, చిన్న ఎముక కూడా లేదని తేల్చుకున్నాకే కలపండి.

కోడి ఉడికిన నీళ్లలో ఉప్పు, ఎర్రగడ్డ లేకపోతే, ఫ్రిజ్‌లో పెట్టి పైన తేలిన కొవ్వు తీసేసి, ఆ నీళ్లు బొమ్మలో పోసి గడ్డకట్టించవచ్చు. కింద చిన్న కన్నాన్ని మెదిపిన అరటిపండుతో మూస్తే కారదు. పైన వేలెడు ఖాళీ వదలండి. అయితే మొదటి రోజే గడ్డకట్టింది ఇవ్వకండి. మొదట వదులుగా నింపి, సులువుగా రాలిపడేలా ఇవ్వాలి. పని తెలిశాక గట్టిది. కిడ్నీ, షుగర్, క్లోమం జబ్బులున్న కుక్క అయితే ఇవేవీ నా మాట మీద పెట్టొద్దు, డాక్టర్ని అడిగే పెట్టండి.

కరెంటు పోయే రాత్రులు

పోయిన మేలో జరిగింది చెబుతాను. రాత్రి అంబలి నింపి ఫ్రీజర్‌లో పెట్టి పడుకున్నాం. అర్ధరాత్రి కరెంటు పోయి తెల్లవారుజామున వచ్చింది, మాకు తెలియదు. పొద్దున చూస్తే బొమ్మ గట్టిగానే ఉంది. కరిగి, పాడై, మళ్లీ గడ్డకట్టిందని ఎలా తెలుస్తుంది? బుజ్జికి మూడు రోజులు విరేచనాలు. గడ్డకడితే సూక్ష్మక్రిములు చావవు, నిద్రపోతాయంతే.

అప్పటి నుంచి ఫ్రీజర్‌లో ఒక గ్లాసు నీళ్లు గడ్డకట్టించి, దాని మీద రూపాయి బిళ్ల పెట్టి ఉంచుతున్నాను. పొద్దున బిళ్ల పైనే ఉంటే సరే. గడ్డలోకి దిగిపోయి ఉంటే లోపలి తిండి అంతా చెత్తబుట్టకే. బయట 40 డిగ్రీలున్నప్పుడు తడి తిండి గంటకు మించి ఉండకూడదు. మాంసం, పెరుగు ఉన్నదైతే నేను ముప్పావుగంటకే తీసేసుకుంటా. సద్దన్నం మనకు చలవేమో గానీ, గదిలో రాత్రంతా ఉన్న అన్నం బొమ్మలోకి వద్దు.

తీసుకునేటప్పుడు నోట్లోంచి లాగకండి. వేరే ముక్క చూపించి, అది వదిలాక తీసుకోవాలి. రెండు కుక్కలుంటే రెండు గదులు. చిన్నపిల్లలు ఆ సమయంలో దగ్గరికి పోకూడదు, ఎంత మెత్తని కుక్కయినా సరే.

బొమ్మ విషయం కూడా కాస్త. ఈ రకం రబ్బరు బొమ్మ 1970ల్లో పుట్టింది. అమెరికాలో జో మార్కమ్ అనే ఆయన కుక్క రాళ్లు కొరికి పళ్లు అరగదీసుకుంటుంటే, ఆయన ఫోక్స్‌వ్యాగన్ బండి రిపేరు చేస్తూ ఊడదీసిన రబ్బరు భాగాన్ని అది పట్టుకుందట. కాంగ్ అనే పేరుతో అమ్మే రబ్బరు బొమ్మ దాన్నుంచే వచ్చింది. రాయి బదులు రబ్బరు అన్నదే అందులో కిటుకు. మీరు కొనే బొమ్మను బొటనవేలి గోరుతో నొక్కి చూడండి, కొంచెం కూడా దిగకపోతే పంటికి కూడా అంతే గట్టిది. రెండు వైపులా కన్నాలు ఉండాలి, ఒకటే ఉంటే గాలి పీల్చుకుని నాలుక ఇరుక్కుంటుంది. నోట్లో పూర్తిగా పట్టే సైజు వద్దు. పగుళ్లు కనబడిన రోజే పారేయండి. మిద్దె మీద ఎండలో వదిలేస్తే రబ్బరు తొందరగా పగులుతుంది.

బొమ్మ కొనలేకపోతే పాత ఇడ్లీ ప్లేటు చాలు. గుంటల్లో పెరుగు, గుమ్మడికాయ పూసి ఇస్తే నాకడానికి పావుగంట పడుతుంది. అంచులు, చిల్లులు గీసుకోకుండా వేలితో తడిమి చూడండి. ఫ్రిజ్ కింది అరలో చల్లబరిస్తే చాలు, ఫ్రీజర్‌లో పెట్టకండి, మంచు పట్టిన స్టీలుకు తడి నాలుక అతుక్కుంటుంది. కొబ్బరి చిప్ప మాత్రం వాడొద్దు, పెచ్చులూడి గుచ్చుకుంటుంది, పీచు మింగితే ఇంకో తంటా. ఏది వాడినా అయిపోగానే బాటిల్ బ్రష్‌తో లోపలిదాకా కడగాలి. మా ఇంట్లో పది నిమిషాలు ఆలస్యమైతే గండుచీమలు లోపలే కాపురం పెడతాయి, చూసుకోకుండా మళ్లీ ఇస్తే కుక్క మూతికి కుట్టేస్తాయి.

బొమ్మ చల్లగా ఉంది కదా అని అది వడదెబ్బకు మందు అనుకోవద్దు. కుక్కకు మామూలుగా 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటుంది, 105 దాటితే ప్రాణం మీదికొచ్చినట్టే. ఆగకుండా రొప్పడం, చిక్కటి చొంగ, చిగుళ్లు ఎర్రబడటం, తూలడం కనబడితే తిండి ఏదీ నోటికి అందించకండి. నీడలోకి తెచ్చి, ఒళ్లంతా నీళ్లు పోసి, ఫ్యాను పెట్టి, వెంటనే ఆస్పత్రికి బయల్దేరండి. మధ్యాహ్నం మిద్దె మీద ట్యాంకు నీళ్లు కాలిపోతుంటాయి, అవి పోస్తే అపకారమే. ఎండాకాలమంతా స్నానాల గదిలో ఒక బకెట్టు నీళ్లు పొద్దున్నే పట్టి ఉంచుకోండి. పగ్, షీట్‌జూ లాంటి చప్పిడి ముక్కు కుక్కలకు ఇది ఇంకా తొందరగా వస్తుంది.

తినకూడనిది తిన్నదని తెలిస్తే ఉప్పునీళ్లు తాగించి కక్కించకండి, ఆ ఉప్పే ఇంకో విషం అవుతుంది. ఏం తిన్నది, ఎంత, ఎన్ని గంటలకు అన్నది కాగితం మీద రాసి, ప్యాకెట్ ఉంటే అదీ పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి. కడప జిల్లాలో ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉంది. మీ ఊళ్లో డాక్టర్ ఆదివారం, పండగ రోజు ఉంటాడా, రాత్రి ఫోన్ ఎత్తుతాడా అన్నది ఉగాదికి ముందే అడిగి, ఆ నంబరు ఫ్రిజ్ తలుపు మీద అతికించండి.