మన నమ్మకాలకి మనమే టెస్ట్ పెట్టుకోవడం ఎలా

ముందు ఒక ఆట. బెంగళూరు మారతహళ్లి పీజీలో రాత్రి భోజనాలయ్యాక రూమ్మేట్స్‌తో ఆడొచ్చు. 2, 4, 6 అని చెప్పి, దీని వెనకో రూల్ ఉంది, మీరూ మూడేసి నంబర్లు చెప్పండి, సరిపోతాయో లేదో చెప్తా, రూల్ కనిపెట్టండి అనాలి. చాలామంది 8, 10, 12 అంటారు, తర్వాత 20, 22, 24 అంటారు, రెండుసార్లు యస్ అనగానే "రెండేసి పెరగాలి, అంతే కదరా" అని తేల్చేస్తారు. అసలు రూల్ ఏంటంటే పెరుగుతూ పోతే చాలు, 1, 2, 50 అయినా ఓకే. పీటర్ వేసన్ అనే సైకాలజిస్ట్ 1960లో రాసిన ప్రయోగం ఇది. తప్పయ్యే నంబర్లు అడిగి చూద్దామని చప్పున తట్టదు, పిడివాదం మొదలయ్యేదీ ఇక్కడే అని నా ఉద్దేశం.

సో రాజకీయమైనా జాతకమైనా, ఏం జరిగితే నా నమ్మకం తప్పని ఒప్పుకుంటానో ముందే ఫోన్లో రాసి పెట్టుకోండి. కార్ల్ పాపర్ అనే ఫిలాసఫర్ 1934లో సైన్స్ గురించి చెప్పింది దాదాపు ఇదే.

పెద్దాయన చెప్పాడు అనే కారణం చాలదు, కాలామ సూత్రంలో బుద్ధుడు "మా గురువు" అని నమ్మెయ్యొద్దన్నాడు. అలాగని అన్నీ కొట్టిపారేయడం ఇంకో మూఢత్వం, డాక్టర్ రాసిన బీపీ మాత్ర మీద రోజూ డిబేట్ అక్కర్లేదు.

ఈ ఊళ్లో ప్రశ్నలడిగే అలవాటు పాతదే, ఫిజిక్స్ ప్రొఫెసర్ హెచ్. నరసింహయ్య గారు 1962లోనే బెంగళూరు సైన్స్ ఫోరం పెట్టారు.

ఇక వాదనలో, అవతలివాడి మాట మీరు చెప్తే వాడే "హా, నేనన్నది అదే" అనాలి, అప్పుడు కౌంటర్ వెయ్యండి.