పక్కింటి పెరట్లో కంటికి నచ్చని రేకుల షెడ్డు లేచిందా? గొడవ లేకుండా ఏం చేయాలంటే

కోనసీమ పల్లెల్లో ఇళ్లు విడివిడిగా ఉన్నా పెరళ్లు మాత్రం కలిసే ఉంటాయి. ఒక దడి, నాలుగు కొబ్బరి చెట్లు, మధ్యలో ఓ అరటి గుబురు, అంతే అడ్డు. వంటింటి కిటికీ తెరిస్తే మన పెరడుకంటే పక్కవాళ్ల పెరడే ఎక్కువ కనిపిస్తుంది. అలాంటి చోట ఒకరోజు పొద్దున్నే తుప్పు పట్టిన పాత రేకులు, తలో రంగు ఫ్లెక్సీలు, సగం కట్టి వదిలేసిన ఇటుక గోడతో ఒక షెడ్డు లేస్తే మనసు చివుక్కుమంటుంది. మాకూ అలాగే అయింది. మా వెనకింటి బాబాయ్ కొబ్బరి డొక్కలు వేసుకోవడానికి షెడ్డు వేశాడు. అమ్మ తులసి కోటకు నీళ్లు పోసి తలెత్తితే ఎదురుగా ఆ రేకులే. పది రోజులు ఇంట్లో అందరికీ టెన్షన్. ఆ పది రోజుల్లోనూ, తర్వాత ఆర్నెల్లలోనూ నేర్చుకున్నదంతా వరసగా చెబుతాను.

ముందు ఒక సంగతి తెలుసుకోండి

షెడ్డు వికారంగా ఉందన్న ఒక్క కారణంతో దాన్ని తీయించే చట్టం మనకు లేదు. పక్కవాడి స్థలం మీదుగా కనిపించే దృశ్యం మీద మనకు హక్కు రాదు. పక్కవాళ్ల స్థలం మీద మనకుండే హక్కులను చెప్పే 1882 నాటి ఈజ్‌మెంట్ చట్టం గాలి, వెలుతురు గురించి అయితే మాట్లాడుతుంది. మీ ఇంటి కిటికీలోంచి 20 ఏళ్లపాటు ఆటంకం లేకుండా, ఎవరి దయతోనో కాకుండా హక్కుగా వెలుతురు వస్తూ ఉంటే, దాన్ని బాగా తగ్గించేలా పక్కన కట్టడం లేపితే మీరు అడ్డు చెప్పవచ్చు. అది ఇంటి కిటికీకి దొరికే రక్షణ. ఖాళీ పెరట్లోకి వచ్చే గాలికి, వెలుతురుకు ఎన్నేళ్లు గడిచినా అలాంటి హక్కు రాదని అదే చట్టం చెబుతోంది.

అందుకని "చూడలేకపోతున్నాం సార్" అని అర్జీ పెడితే పని జరగదు. అధికారులు వినేది కొలతల మాట, నీటి మాట, ప్రమాదం మాట. చాలా షెడ్లలో ఈ మూడింట్లో ఒక్కటైనా తప్పు ఉంటుంది. దాన్ని పట్టుకోవాలి.

షెడ్డును ఒకసారి తీరిగ్గా చూడండి

కోపంలో ఉన్నప్పుడు రంగే కనిపిస్తుంది. వాన పడుతున్నప్పుడు గొడుగు వేసుకుని వెళ్లి చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. చూరు నీళ్లు ఎక్కడ పడుతున్నాయి? వాళ్ల స్థలంలోనా, మీ గోడ మొదట్లోనా? డెల్టాలో నేల పల్లం, కొన్ని అడుగులు తవ్వితే నీరు ఊరుతుంది. పైనుంచి పడిన నీరు తొందరగా ఇంకదు, గోడ కిందే నిలుస్తుంది. అలా నానుతూ ఉంటే ప్లాస్టరింగ్ ఉబ్బి రాలిపోతుంది.

తర్వాత గాలి. 1996 నవంబరు 6 రాత్రి తుపాను చూసిన మా పెద్దవాళ్లు ఇప్పటికీ ఎగిరొచ్చిన రేకుల గురించే చెబుతారు. మొన్న 2025 అక్టోబరులో మొంథా తుపాను నరసాపురం వైపు తీరం దాటిన రాత్రి కూడా మేం పడుకోలేదు. హుక్కులు బిగించకుండా పైన ఇటుకలు, పాత టైర్లు పెట్టి వదిలేసిన రేకు పెనుగాలికి కత్తిలా లేస్తుంది. ఇది అందం గొడవ కాదు, ప్రాణాల మాట. మీ అర్జీలో అన్నిటికంటే బలమైన వాక్యం ఇదే అవుతుంది.

కరెంటు తీగలు షెడ్డుకు దగ్గరగా ఉంటే ఎవరితో గొడవ లేకుండానే 1912కు ఫోన్ చేసి చెప్పండి. డొక్కల గుట్టల్లో, పాత సామానులో పాములు చేరతాయి, ఎలుకలు చేరతాయి. అది కూడా రాసుకోండి. పగిలిన పాత సిమెంటు రేకులు ఉంటే వాటి దగ్గర పిల్లల్ని ఆడుకోనివ్వకండి. వాటిలో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది, ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు.

హద్దు తేల్చుకోండి

టేపు పట్టుకుని దడి దగ్గరికి వెళ్లేముందు మీ దస్తావేజు తీయండి. అందులో షెడ్యూలు అని ఉన్న చోట నాలుగు హద్దులు, ఒక్కో వైపు పొడవు రాసి ఉంటాయి. గ్రామకంఠంలో, అంటే ఊరి పాత నివాస స్థలంలో ఉన్న ఇళ్లకు చాలాచోట్ల ఇంటింటికీ వేరే సర్వే నంబరు ఉండదు. అలాంటప్పుడు ఈ కొలతలే మీకు ఆధారం. సర్వే నంబరు ఉన్న స్థలమైతే హద్దుల కొలతకు గ్రామ, వార్డు సచివాలయంలో ఎఫ్-లైన్ అర్జీ పెట్టుకోవచ్చు. సర్వేయరు పక్కవాళ్లకు కూడా నోటీసు ఇచ్చి, ఇద్దరి ముందూ గొలుసు వేస్తారు. ఈ పని అవ్వకుండా "నా స్థలంలోకి వచ్చావు" అని ఒక్క మాట కూడా అనకండి. పాత దడి హద్దు మీదే ఉందని మనం అనుకుంటాం కానీ, దడి ఏటేటా మార్చి కట్టేటప్పుడు జానెడు అటూ ఇటూ జరుగుతూనే ఉంటుంది.

స్తంభాలు వాళ్ల స్థలంలో ఉండి రేకు అంచు మాత్రం మీ వైపుకు చొచ్చుకొచ్చినా అది ఆక్రమణే.

ఇంకొకటి, ఇది మన ప్రాంతానికి ముఖ్యం. ఆ షెడ్డు పంట కాలువ గట్టు మీద గానీ, మురుగు కోడు పోరంబోకులో గానీ ఉంటే అది మీకూ ఆయనకూ మధ్య తగాదా కానే కాదు. అక్కడ నీటిపారుదల శాఖ అసిస్టెంట్ ఇంజనీరుకు (ఏఈకి) కాగితం ఇవ్వాలి. బోదె పూడ్చి షెడ్డు వేస్తే వీధి మొత్తం మునుగుతుంది కాబట్టి నలుగురూ సంతకం పెట్టడానికి ముందుకు వస్తారు.

ఏ నియమాలు వర్తిస్తాయి

మీ ఇల్లు మున్సిపాలిటీలో ఉందా, పంచాయతీలో ఉందా అన్నదాన్ని బట్టి ఉంటుంది. అమలాపురం, భీమవరం, పాలకొల్లు లాంటి పట్టణాల్లో 2017 నాటి ఆంధ్రప్రదేశ్ భవన నియమాలు, వాటికి తర్వాత వచ్చిన సవరణలు వర్తిస్తాయి. ఊళ్లలో పంచాయతీ లేఅవుట్, భవన నియమాలు ఉన్నాయి, అవి 2002 నాటివి. మీ ఊరు అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీ పరిధిలోకి వచ్చిందేమో కూడా కనుక్కోండి.

కట్టడం చుట్టూ ఎంత ఖాళీ వదలాలన్నది స్థలం వైశాల్యం, రోడ్డు వెడల్పు, కట్టడం ఎత్తు బట్టి మారుతుంది. యూట్యూబ్‌లో ఎవరో చెప్పిన అడుగులు పట్టుకుని వాదించకండి. పట్నంలో వార్డు ప్లానింగ్ కార్యదర్శిని, ఊళ్లో పంచాయతీ కార్యదర్శిని కలిసి "ఇన్ని గజాల స్థలం, ఇంత రోడ్డు, వెనక ఎంత వదలాలి?" అని అడగండి. చెప్పింది డైరీలో తేదీ వేసి రాసుకోండి. పక్కాయన పేరు ఆ రోజు ఎత్తాల్సిన అవసరం లేదు.

మీ ఇంటి ప్లాను కూడా ఒకసారి చూసుకోండి. మన మెట్లు, మన బాత్రూము హద్దు మీద ఉంటే ఎదుటివాళ్లు మొదట చూపించేది దాన్నే.

వెళ్లి మాట్లాడండి

చాలామంది ఈ మెట్టు దాటేసి నేరుగా అర్జీకి వెళ్తారు. దయచేసి అలా చేయకండి. ఆఫీసులు, కోర్టులు నాలుగేళ్లు తిరిగినా చివరికి పెళ్లికీ చావుకీ ముందు వచ్చి నిలబడేది ఆ ఇంటివాళ్లే.

ఉదయం పనుల హడావిడిలో వద్దు, రాత్రి భోజనాలయ్యాక వద్దు. సాయంత్రం టీ వేళ మంచిది. ఊరి వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టాక మాట్లాడటానికి వెళితే ఏ లాభమూ ఉండదు. ఎందుకంటే అప్పటికే పరువు గొడవ అయిపోతుంది. వెంట రాజకీయ నాయకుణ్ణి తీసుకెళ్లినా అంతే.

నేనైతే బాబాయ్‌ని మా ఇంటికే పిలిచాను. అప్పుడే వాన వెలిసింది. "బాబాయ్, ఒక్కసారి మా వైపు నుంచి చూడు" అని గోడ దగ్గరికి తీసుకెళ్లాను. రేకుల చివర నుంచి ఇంకా చుక్కలు పడుతున్నాయి. గోడ మొదట్లో మోచెయ్యంత పొడవున పచ్చగా పాచి. బాబాయ్ వంగి, బొటనవేలితో ప్లాస్టరింగ్‌ను నొక్కాడు. తడిసిన అటుకుల్లా విడిపోయి ఆయన చేతిలోకి వచ్చింది. కాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయాడు.

"నేనెప్పుడూ అటు నుంచే చూశాన్రా అబ్బాయ్. ఇటు ఇలా ఉందని తెలీదు."

అంతకుముందు పది రోజులూ ఇంట్లో మేం అనుకున్న మాటలు గుర్తొచ్చి బాధేసింది. షెడ్డు బాగోలేదని నేను ఒక్క మాట కూడా అనలేదు. నీళ్ల గురించే చెప్పాను. ఆ తర్వాత రంగు గురించి ఆయనే ఎత్తాడు. పీవీసీ పైపును నిలువునా కోయించి చూరు కింద బిగించి, నీళ్లు వాళ్ల అరటి పాదుల్లోకి మళ్లించాం. సగం ఖర్చు మాది. రేకులకు హుక్కులు బిగించి, మా వైపు పచ్చ రంగు వేయించాడు.

మీరు ఇలా ఒక మాటకు వస్తే చిన్న కాగితం మీద రాసుకోండి. ఏ పని, ఎవరు, ఎప్పటిలోగా, ఖర్చు ఎవరిది. ఇద్దరి సంతకాలు, ఇద్దరు సాక్షులు. బాబాయ్‌తో కాగితం ఏమిటని మొహమాటపడకండి. రేపు ఆ ఇల్లు వాళ్ల పిల్లల చేతికో, కొన్నవాళ్ల చేతికో వెళుతుంది.

మాట వినకపోతే

ఇక్కడ ఆలస్యం మంచిది కాదు. స్తంభాలు పాతుతున్నప్పుడే చెప్పాలి. అంతా కట్టే వరకూ ఊరుకుని రెండేళ్ల తర్వాత వెళితే "ఇన్నాళ్లూ ఎందుకు మాట్లాడలేదు?" అని అధికారులూ అడుగుతారు, కోర్టూ అడుగుతుంది.

పంచాయతీ కార్యదర్శికి లేదా మున్సిపల్ కమిషనర్‌కు ఒక పేజీ అర్జీ చాలు. ఇలా రాయండి:

"మా ఇంటి వెనక, డోర్ నంబరు ఫలానా స్థలంలో రేకుల షెడ్డు వేశారు. దాని చూరు మా హద్దులోకి ఇన్ని అంగుళాలు వచ్చింది. వాన నీరు మా గోడ మీద పడి గోడ దెబ్బతింటోంది. రేకులు బిగించి లేనందున తుపాను సమయంలో ప్రమాదం ఉంది. ఈ కట్టడానికి అనుమతి ఉందో లేదో పరిశీలించి, స్థలాన్ని తనిఖీ చేసి చర్య తీసుకోవలసిందిగా కోరుతున్నాను."

ఇంతే. ఆయన మనస్తత్వం, పాత కక్షలు అందులో వద్దు. దస్తావేజు నకలు, తేదీ కనిపించే ఫొటోలు జత చేయండి. రెండో ప్రతి మీద ముద్ర, తేదీ వేయించుకోకుండా ఆఫీసు మెట్లు దిగకండి. ముద్ర లేని అర్జీ ఎక్కడో కలిసిపోతుంది.

నెలరోజులు కదలిక లేకపోతే సమాచార హక్కు దరఖాస్తు వేయండి. "ఫలానా తేదీన ఇచ్చిన అర్జీపై తీసుకున్న చర్య, ఆ కట్టడానికి ఇచ్చిన అనుమతి నకలు" అని రెండే అడగండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో దీనికి రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. చాలాసార్లు ఈ కాగితం అందగానే తనిఖీకి మనిషి వస్తాడు. అప్పటికీ కాకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వండి, లేదా 1100కు ఫోన్ చేయండి.

దారి మూసేసినా, కాలువ అడ్డుకున్నా, వీధిలో అందరికీ ప్రమాదంగా ఉన్నా ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ హోదాలో ఉండే తహసీల్దారుకు గానీ ఆర్డీవోకు గానీ అర్జీ పెట్టవచ్చు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ)లోని సెక్షన్ 133 స్థానంలో 2024 జులై నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 152వ సెక్షన్ వచ్చింది. ఒక్క మీ ఇంటి ఇబ్బందికి అది పనికిరాదు.

సివిల్ కోర్టు మెట్లెక్కే ముందు లోక్ అదాలత్ గురించి ఆలోచించండి. కేసు వేయకముందే మండల న్యాయ సేవా కమిటీకి దరఖాస్తు ఇస్తే వాళ్లే ఇద్దరినీ పిలిపిస్తారు. 15100కు ఫోన్ చేస్తే వివరాలు చెబుతారు. అక్కడ కుదిరిన రాజీకి కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, దాని మీద అప్పీలు ఉండదు.

ఇంత చేసినా షెడ్డు పోకపోవచ్చని కూడా మనసులో ఉంచుకోండి. అనుమతి లేని కట్టడాలను జరిమానా కట్టించుకుని క్రమబద్ధం చేసే బీపీఎస్ లాంటి పథకాలు అప్పుడప్పుడూ వస్తుంటాయి. ఏం జరిగినా మీ అంతట మీరు రేకు కోయడం, తాడు తెంపడం మాత్రం చేయకండి. అప్పటివరకూ బాధితులైన మీరు ఒక్క రాత్రిలో ముద్దాయి అవుతారు.

కంటికి అడ్డు మన వైపు నుంచే

షెడ్డులో తప్పేమీ లేదు, చూడటానికే బాగోలేదు అన్నప్పుడు చేయగలిగింది ఇదే. ఖర్చూ తక్కువ. కడియపులంక నర్సరీలకు ఒక ఆదివారం వెళ్లిరండి. వెడల్పు లేని చోట నరమామిడి పెట్టండి, అది సన్నగా నిటారుగా పెరుగుతుంది. మనుషుల ఎత్తు చాలనుకుంటే మందార, నందివర్ధనం గుబురుగా వస్తాయి. మర్రి, రావి జాతి మొక్కలు గోడ దగ్గర వద్దు, వేళ్లు పునాదిని పట్టుకుంటాయి.

అన్నిటికంటే త్వరగా కమ్మేది రాధామనోహరం తీగ. సాయంత్రం తెల్లగా విచ్చుకుని, తర్వాత గులాబీ రంగుకు, ఆపైన ఎరుపుకు తిరుగుతుంది. మా అమ్మ తులసి కోట ఎదురుగా వెదురు పందిరి వేసి దాన్ని ఎక్కించాం. హద్దుకు రెండడుగులు ఇవతల నాటాం, కత్తిరించుకోవడానికి మన వైపు చోటుండాలి కదా. ఎండాకాలంలో పాదు ఎండిపోకుండా మొదట్లో కొబ్బరి డొక్కలు బోర్లించి పరిచాం. అవి ఆ షెడ్డులోవే. బాబాయే గంపకెత్తి దడి మీదుగా అందించాడు.