డై-కాస్ట్ (లోహాన్ని అచ్చులో పోసి చేసిన) యుద్ధ విమాన నమూనాపై దుమ్ము తీసే చిట్కా

అద్దాల బీరువాలో పెట్టినా అమెరికా దాడి విమానం ఏ-10 థండర్‌బోల్ట్ II నమూనాలో, రెక్కల కింద ఆయుధాలు వేలాడే చోట్లా, ముక్కు దగ్గరున్న 7 గొట్టాల తుపాకీ సందుల్లోనూ దుమ్ము పేరుకుంటుంది. గుడ్డతో తుడిస్తే సన్నని యాంటెన్నాలు విరిగిపోతాయి.

ముందుగా మెత్తని వాటర్ కలర్ బ్రష్‌తో ముక్కు నుండి తోక వైపు పొడిగా దులపాలి. ఆ తరువాత 100 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో ఒక్క చుక్క గిన్నెలు తోమే ద్రవం కలిపి, బ్రష్‌ను ముంచి, గుడ్డపై ఒత్తి, తేమతో మాత్రమే మరకలు తీసి, చివరగా ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో అలాగే తుడిచి, ఎండలో కాకుండా ఫ్యాను కింద ఆరబెట్టాలి. మన నల్లగొండ బోరు నీళ్లను మాత్రం వాడవద్దు, వాటిలోని లవణాలు బూడిద రంగుపై తెల్లని మచ్చలు మిగులుస్తాయి. ఇన్వర్టర్ బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్ ఏ బ్యాటరీ దుకాణంలోనైనా దొరుకుతుంది.

గుర్తులు ముద్రించినవి కాక, విడిగా అంటించిన డెకాల్స్ (పలుచని స్టిక్కర్లు) అయితే తడి పద్ధతి పనికిరాదు, అంచులు లేచిపోతాయి. అక్కడ పొడి బ్రష్‌తోనే సరిపెట్టుకోవాలి.