దుంగల ఇంటికి కొత్త పూత – 3: పాత పూత వదిలించడం

గత పాఠంలో దూదిని థిన్నర్‌లో ముంచి గోడ మీద ఐదు నిమిషాలు అద్ది చూడమన్నాను. పూత ముడతలు పడి, రంగో జిగురో దూదికి అంటితే అది మామూలు వార్నిషో ఆయిల్ పూతో అనుకోండి. ఏమీ కదలకపోతే పీయూ, అంటే పాలీయూరిథేన్ పూత. పీయూకి ఈ పాఠం సగమే పనికొస్తుంది. దాన్ని సాండింగ్ మిషన్‌తోనే తీయాలి.

ముందు నా బుద్ధితక్కువ పని ఒకటి చెప్పాలి. బెంగళూరులో కనకపుర రోడ్డు వైపు మా మామయ్యగారికి పైన్ దుంగలతో కట్టిన చిన్న ఇల్లుంది. నీళ్లను ఒత్తిడితో చిమ్మే ప్రెషర్ వాషర్ అద్దెకు తెచ్చి, దానికి ఎర్ర నాజిల్ పెట్టి, పూత ఎంత చక్కగా లేచిపోతోందో అని మురిసిపోతూ దుంగ మొత్తం కొట్టేశాను. ఆరాక చూస్తే పూతతో పాటు మెత్తటి చెక్క కూడా పోయి, వేలు పట్టేంత గాళ్లు పడ్డాయి. "ఏమయ్యా అల్లుడూ, పూత తీయమంటే శిల్పాలు చెక్కావే!" అన్నారు మామయ్య. ఆ గాళ్లు ఇప్పటికీ ఉన్నాయి.

పూతను వదులు చేయాల్సింది మందు, అంటే స్ట్రిప్పర్ రసాయనం. వదులైనదాన్ని మోసుకుపోవడమే నీళ్ల పని. వాషర్ గన్ ఎంత గట్టిగా కొడితే అంత త్వరగా అయిపోతుందనిపిస్తుంది, అక్కడే చెయ్యి ఆపుకోవాలి. మన దగ్గర దొరికే మిషన్ల మీద ఒత్తిడి బార్లలో రాస్తారు. 120 బార్ అంటే సుమారు 1,740 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). పైన్ లాంటి మెత్తటి చెక్కకు 500 నుంచి 1,000 పీఎస్ఐ చాలు, అంటే 35 నుంచి 70 బార్లు. తగ్గించే మీట లేకపోతే తెల్ల నాజిల్ పెట్టండి. అది 40 డిగ్రీల వెడల్పున చిమ్ముతుంది. గోడకు కనీసం అడుగు దూరంలో పట్టుకుని, చెయ్యి ఒకచోట ఆపకుండా దుంగ పొడవునా కదపండి. ఎర్రది సున్నా డిగ్రీలది, దాన్ని ఈ పని అయ్యేదాకా దాచేయండి. గుండ్రంగా తిరిగే టర్బో నాజిల్ కూడా వద్దు.

ఇక మందు. ఆయిల్ పూతలకు కాస్టిక్ సోడాతో చేసిన స్ట్రిప్పర్ బాగా పనిచేస్తుంది. మొక్కల్ని ముందు తడిపి షీటు కప్పండి, అల్యూమినియం కిటికీలకు టేపు వేయండి. కాస్టిక్ తగిలితే అల్యూమినియం నల్లబడుతుంది. రబ్బరు గ్లవ్స్, కళ్లద్దాలు లేకుండా డబ్బా మూత తీయొద్దు. ఎండ పడని గోడ ఎంచుకుని, కింది దుంగ నుంచి పైకి పూయండి. పైనుంచి మొదలుపెడితే కారిన చారలు కింది పొడి చెక్క మీద మచ్చలుగా మిగిలిపోతాయి. పావుగంట నుంచి ఇరవై నిమిషాలు తడి ఆరకుండా చూడాలి. ఆరుతుంటే కాస్త నీళ్లు చిలకరించండి. పూత గోధుమ రంగు మడ్డిలా జారుతుంటే గన్ పట్టండి. గన్ ఎప్పుడూ కిందికి వంచే కొట్టాలి. పైకి కొడితే నీళ్లు దుంగల పగుళ్లలోకి, సందులు మూసే సీలెంట్ వెనక్కి పోయి నెలల తరబడి అక్కడే ఉంటాయి. మొండిగా మిగిలిన చోట్ల ఒత్తిడి పెంచకండి. మందు మళ్లీ పూసి నైలాన్ బ్రష్‌తో రుద్దండి.

నీళ్ల సంగతి. నిమిషానికి ఆరేడు లీటర్ల లెక్కన గంటకు 400 లీటర్ల దాకా పోతాయి. 2024 మార్చిలో బెంగళూరు జలమండలి తాగునీటితో కార్లు కడిగినా 5,000 రూపాయల జరిమానా అంది, గుర్తుందిగా. కాబట్టి సంపులో పట్టిన వాన నీళ్లో బోరు నీళ్లో వాడండి.

కాస్టిక్ తగిలిన చెక్క ముదురుగా నల్లబడుతుంది, కంగారు పడకండి. లీటరు గోరువెచ్చటి నీళ్లకు 30 గ్రాముల ఆక్సాలిక్ యాసిడ్ ప్లాస్టిక్ బకెట్‌లో కలిపి పూసి, పావుగంటయ్యాక కడిగేస్తే చెక్క అసలు రంగుకి వస్తుంది. మేకుల చుట్టూ పట్టిన నల్ల మచ్చలూ పోతాయి. బోరు నీళ్లలో సున్నం ఎక్కువ, అందులో యాసిడ్ కలిపితే తెల్లటి పొర మిగులుతుంది. ఈ ఒక్క బకెట్‌కి వాన నీళ్లే వాడండి. బ్లీచింగ్ వాడిన గోడను బాగా కడగకుండా యాసిడ్ పూయొద్దు, బకెట్‌లో రెంటినీ కలపనే వద్దు. క్లోరిన్ వాయువు వస్తుంది. ఆక్సాలిక్ యాసిడ్ విషమే, పిల్లలకు అందనీయకండి.

కడిగిన మర్నాడు చెక్క మీద చేయి పెడితే నూగులా తగులుతుంది. దాన్ని ఇప్పుడే రుద్దకండి, తడి చెక్క మీద సాండ్‌పేపర్ మూసుకుపోతుంది.

ఈ పనికి బెంగళూరులో జనవరి చివర, ఫిబ్రవరి బాగుంటాయి. సెప్టెంబరు, అక్టోబరుల్లో వాన పడుతుంది, మొదలుపెట్టొద్దు. వారం పాటు రోజూ ఒకే చోట, ఉత్తరపు గోడ కింది దుంగ మీద, తేమ మీటర్ గుచ్చి అంకె రాసి పెట్టుకోండి. 15 శాతం లోపు వచ్చాక ఆ చీటీ తీసుకుని నాలుగో పాఠానికి రండి. 60 నంబరు సాండ్‌పేపర్ పది షీట్లు తెచ్చి పెట్టుకోండి.